రేపటి శిష్యుణ్ణి పిలిచేదెవరు?

కూచిపూడి అగ్రహారంలో ఒక కట్టుబాటు ఉండేదని అందరూ చెప్పుకొంటారు. భాగవతుల ఇంట పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరవలెను. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని రచించి, ఆ ఊరి బ్రాహ్మణ బాలకులకు నేర్పి, వారి పెద్దలచేత ఈ ప్రమాణం చేయించినాడని ఐతిహ్యం. దీనిని భక్తిపరంగా చెప్పుకొనడం పరిపాటి. నాకు మాత్రం అందులో మరొక సంగతి కూడా కనిపిస్తుంది. ఒక విద్యకు రేపటి విద్యార్థి ఎక్కడినుండి వస్తాడన్న ప్రశ్నకు ఆ మహానుభావుడు చెప్పిన జవాబు అది. వెదకవలసిన పని లేదు. పుట్టిన ప్రతివాడూ విద్యార్థియే. ఒక్కసారి జడ కట్టుకొని తెర వెనుక నిలిస్తే చాలును. ఆ తరువాత వాణ్ణి ఉంచుకొనడమో వదలివేయడమో విద్యయే చూచుకొంటుంది.

ఈ ఏర్పాటు చాలాకాలం సాగింది. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా ఈ భాగవతుల ఆట చూచి మెచ్చి అగ్రహారమిచ్చినాడని ఊరివారు చెప్పే కథ. ఆయన రాజ్యం చేసినది 1672 మొదలు 1687 వరకు. కథ మాట ఎట్లున్నా, 1763 నాటి ఆస్తి పంపకపు పత్రంలో ఈ ఊరి కుటుంబాలు పదిహేను ఇంటిపేర్లతో నమోదై ఉన్నవి. వేదాంతం, వెంపటి, భాగవతుల, పసుమర్తి, మహంకాళి వంటి ఆ ఇంటిపేర్లే ఈనాటికీ నాట్యం పేరెత్తగానే మన చెవిలో పడేవి. ఆ ఇళ్ళలో పిల్లవాడికి అక్షరాభ్యాసం ఒక వైపు, అడుగులు మరొక వైపు. తండ్రి జతి చెబుతుంటే పిల్లవాడు వినేవాడు. మేనమామ వేషం కడుతుంటే రంగు కలిపి అందించేవాడు. తాను శిష్యుణ్ణయినానని వాడికి తెలిసేలోపలే సగం విద్య వచ్చి ఉండేది.

అయితే ఈ పద్ధతికి ఒక గోడ ఉన్నది. లోపలివాడికి అది ఇల్లు, వెలుపలివాడికి అడ్డు. ఊరిలో మరొక వీధిలో పుట్టిన పిల్లవాడికి ఎంత లయజ్ఞానమున్నా ఆ ఇంటిలో చోటు లేదు. ఆ ఇంటిలోనే పుట్టిన ఆడపిల్లకు సైతం లేదు. సత్యభామగా నటించేందుకు మగవాడు కావలెను గాని, నిజమైన ఆడపిల్ల పనికిరాదు! ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. కృష్ణా గోదావరి మండలాలలో స్త్రీలు నాట్యం చేయనే లేదనీ, కూచిపూడి గురువులే వారికి మొదట నేర్పినారనీ కొందరు వ్రాస్తుంటారు. అది సరికాదు. కలావంతుల కుటుంబాల స్త్రీలు పదమూ జావళీ అభినయించడంలో ఎంతటి విద్వత్తు చూపినారో ఈ డెల్టాలో పెద్దలందరికీ తెలుసును. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం తరువాత ఆ విద్యకు వేదిక కరవైనది. ఒక వాకిలి మూసికొనిపోతుండగా మరొక వాకిలి తెరచికొన్నదని చెప్పడమే న్యాయం.

ఆ రెండవ వాకిలి తెరచినవారిలో ముందు చెప్పవలసినది వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి (1886–1956) గారిని. మేళంతో కలిసి తెల్లవార్లూ ఆడే కలాపాలనుండి ఒక్కరే నిలిచి చేయదగిన అంశాలను వేరుచేసి కూర్చినారు. కుటుంబాలకు వెలుపలివారికి, స్త్రీలకు చెప్పినారు. తాను చేసి చూపించి బ్రతుకుతున్న విద్వాంసుడు తన విద్యలోనికి పరాయివారిని పిలవడమంటే చిన్న సంగతి కాదు. తన కులవృత్తికి తానే పోటీని పెంచుకొనడం అది. ఆనాడు అగ్రహారంలో దీనిని అందరూ హర్షించి ఉంటారని నేననుకోను.

మరొక దారి సినిమా. సంప్రదాయవాదులకు ఈ మాట రుచించదు గాని, కూచిపూడి కుర్రవాళ్ళను మద్రాసు రైలెక్కించినది సినిమాయే. వేదాంతం రాఘవయ్య గారు 1939లో "రైతుబిడ్డ"లో దశావతార శబ్దం ఆడి చూపి, ఆపైన నృత్యదర్శకులై, చివరకు 1953లో "దేవదాసు" తీసినంతటి దర్శకులైనారు. పసుమర్తి కృష్ణమూర్తి గారు "మాయాబజార్" (1957) వంటి చిత్రాలకు నృత్యాలు కూర్చినారు. వెంపటి పెదసత్యం గారిదీ అదే రంగం. ఊరిలోని పిల్లవాడికి వీరి పేర్లు తెరమీద కనిపిస్తే, తన తాతకు తెలిసిన అడుగులకు బయట ఒక వెల ఉన్నదని మొదటిసారి తెలిసింది. ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. "మా విద్యలోనికి రండి" అని కరపత్రమూ వేయలేదు. తమ పని తాము చేస్తూ నలుగురికి కనబడినారు, అంతే.

ఆ పెదసత్యం గారికి వరుసకు తమ్ముడైన ఒక యువకుడు 1947 ప్రాంతంలో మద్రాసు చేరినాడు. ఆయనే వెంపటి చినసత్యం (1929–2012). ఆయన చదువు ఒక్క గురువు వద్ద కాలేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు కొంత, తాడేపల్లి పేరయ్య శాస్త్రి గారు కొంత, అన్నగారు కొంత. ముగ్గురి చేతుల మీదుగా నడచిన విద్యార్థి కనుకనే కాబోలు, 1963లో తాను మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పినప్పుడు కుటుంబమేదని అడగకుండా పిల్లలను చేర్చుకొన్నారు. అనకాపల్లినుండి వచ్చిన శోభానాయుడు అట్లా చేరినవారే. బంధువుల అభ్యంతరాలను లెక్కచేయక తల్లి పట్టుబట్టి నేర్పించిన బిడ్డ ఆమె. తరువాత హైదరాబాదులో తానే గురువై, 2020లో కన్నుమూసే వరకు ఎందరికో పాఠం చెప్పింది. మద్రాసులో ఒకరు తలుపు తీస్తే, హైదరాబాదులో మరొక తలుపు తెరచుకొన్నది.

ఇటువంటి ఉదాహరణలు మరికొన్ని ఉన్నవి. మదనపల్లెలో పుట్టి కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చిన యామినీ కృష్ణమూర్తి (1940–2024) కూచిపూడికి వచ్చినప్పుడు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, చింతా కృష్ణమూర్తి, పసుమర్తి వేణుగోపాలకృష్ణ శర్మ గార్ల వద్ద పాఠం చెప్పించుకొన్నది. ఇంద్రాణీ రెహమాన్ కోరాడ నరసింహారావు గారి వద్ద నేర్చి ఈ నాట్యాన్ని విదేశాల వేదికలకెక్కించింది. ఆదిలాబాదు ప్రాంతపు రాజారెడ్డి, ఆయన భార్య రాధారెడ్డి వేదాంతం ప్రహ్లాదశర్మ గారి శిష్యులు. 1976లో ఢిల్లీలో నాట్యతరంగిణి స్థాపించి ఉత్తరాది పిల్లలకు తెలుగు పాటకు అడుగు వేయడం నేర్పుతున్నారు. వీరిలో ఒక్కరూ ఆ పదిహేను ఇంటిపేర్లలోనివారు కారు. ఊరిలోనే ఒక పాఠశాల ఉండవలెనని, ఏలూరు న్యాయవాదీ రంగస్థల నటుడూ అయిన బందా కనకలింగేశ్వరరావు గారు పూనుకొని సిద్ధేంద్ర కళాక్షేత్రానికి ప్రాణం పోసినారు. తరువాత అది తెలుగు విశ్వవిద్యాలయంలో భాగమై కళాపీఠమైనది. ఆయన కూచిపూడివాడూ కాడు, నర్తకుడూ కాడు. ఒక విద్యకు విద్యార్థులను సమకూర్చడం ఆ విద్య వచ్చినవాడి పని మాత్రమే కాదని ఆయన చేతలు చెబుతున్నవి.

ఇక ఈనాటి మాట. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా నర్తకులు ఒక్కసారి ఆడినారు. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరువేలకు పైబడినవారు ఒక్క మైదానంలో గజ్జె కట్టినారు. అమెరికాలో తెలుగువారున్న ఊళ్ళలో ఆదివారం ఉదయం నాట్యం క్లాసు లేనిచోటు అరుదు. ఇంతమంది విద్యార్థులుండగా "శిష్యులేరీ?" అని అడగడమేమిటని పాఠకులు నన్ను నిలదీయవచ్చును.

విద్యార్థులున్నారు. శిష్యులు ఎందరన్నదే ప్రశ్న. పదవ తరగతి పరీక్షలు రాగానే గజ్జెలు అటకెక్కుతవి. రంగప్రవేశం పెళ్ళివలె జరుగుతున్నది: శుభలేఖలు, భోజనాలు, వీడియోలు. పెళ్ళి తరువాత పిల్ల అత్తవారింటికి వెళ్ళినట్లే, రంగప్రవేశం తరువాత పిల్ల నాట్యం వదలి వెళ్ళిపోతున్నది. అగ్రహారపు పిల్లలు చాలమంది ఇంజనీరింగు చదివి హైదరాబాదుకో అమెరికాకో పోయినారు. వారిని తప్పుపట్టే అర్హత జీతం తీసికొనే నావంటివాడికి లేదు. కాని నట్టువాంగం పట్టి జతి చెప్పేవారు, దరువు పాడే గొంతు, మృదంగం మీద నర్తకి పాదాన్ని వెన్నంటే చేయి, రాత్రంతా నడిచే యక్షగానంలో పద్యానికీ వచనానికీ తేడా తెలిసి మాటాడే నోరు, ఇవి కావలెనంటే జీవితం ఇచ్చేవారు కావలెను. స్త్రీవేషం సంగతి మరీ సున్నితం. సత్యభామయై, ఉషయై దేశమంతా పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు 1970లో పద్మశ్రీ అందుకొన్నారు. 2012లో మనకు దూరమైనారు. ఆడపిల్లలే భామలైన ఈ రోజులలో మగవాడి భామవేషం ఎందుకని కొందరు అంటారు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. అయినా జడను తెర మీదుగా వెలుపలికి విడిచి, సభలోని పండితులను సవాలు చేసే ఆ ఘట్టాన్ని మగవాడు ఎట్లా నడిపేవాడో చూచి నేర్చుకొనే కుర్రవాడు ఒకడైనా లేకపోతే, ఒక విద్య పుస్తకాలలోనికి వెళ్ళిపోయినట్లే.

వృత్తిలో ఉన్నవారు దీనికేమి చేయగలరు? ప్రదర్శన ముగిసిన తరువాత ముఖానికి రంగుతోనే నిలుచున్న నర్తకుని వద్దకు పిల్లలు చేరడం చూచే ఉంటారు. ఆ అయిదు నిమిషాలను చాలమంది ఫొటోలతో పోగొడుతున్నారు. "నీ పేరేమిటి? ఏది నచ్చింది? ఏదీ, ఆ అడుగు ఒకటి వేసి చూపు" అని అడిగితే ఆ పిల్లవాడు ఇంటికి పోయి మరువడు. ఇంకా మంచిది సాధన చూడనివ్వడం. ప్రదర్శన చూచినవాడికి ఆ విద్య అందనిదిగా కనిపిస్తుంది. సాధన చూచినవాడికి అదే తప్పుతూ, దిద్దుకొంటూ, చెమటతో సాధించుకొనేదిగా కనిపిస్తుంది. పాత ఇళ్ళలో పిల్లవాడికి దొరికినది ఇదే. ఆ గడపను ఇప్పుడు కావాలని తెరచి ఉంచవలసి వస్తున్నది.

నిజం చెప్పడం రెండవది. ఇక్కడనే మన కళాకారులు తడబడుతున్నారు. ఉత్సాహపరచే ఆత్రంలో "దేశదేశాలు తిరుగవచ్చును, బిరుదులు వస్తవి" అంటారు. ఒక సభ చేయవలెనంటే గాయకునికి, మృదంగానికి, వయొలినుకు, నట్టువాంగానికి ఇచ్చుకొన్న తరువాత నర్తకి చేతికి మిగిలేదేమిటో చెప్పరు. తన డబ్బు ఎదురుపెట్టి ఆడేవారు ఎందరున్నారో చెప్పరు. సిమెంటు నేలమీద ఏళ్ళ తరబడి అడుగు కొట్టిన మోకాళ్ళ సంగతి, అరమండిలో నిలిచిన నడుము సంగతి చెప్పరు. చెబితే పారిపోతారని భయం. పారిపోయేవాడు రేపయినా పారిపోతాడు. విని కూడా నిలిచినవాడే మనకు కావలసినవాడు. పాఠం చెప్పి బ్రతికేవారు, పాఠశాలలో నాట్యోపాధ్యాయులైనవారు, విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని పరిశోధన చేసేవారు కూడా ఉన్నారని, వేదిక ఒక్కటే దారి కాదని కూడా ఆ నిజంలో భాగమే గదా.

నడుము మాట వచ్చింది కనుక ఒక విదేశీ వృత్తిని తలచుకొంటాను. చేతులతో వెన్నుపూసలను సర్ది బాధ తగ్గించే కైరోప్రాక్టిక్ అనే వైద్యం ఒకటి అమెరికాలో ఉన్నది. 1895లో అయోవా రాష్ట్రపు డేవెన్‌పోర్టులో డి. డి. పామర్ అనే ఆయన దానిని ఆరంభించి, 1897లో పాఠశాల పెట్టినాడు, కొడుకు బి. జె. పామర్ దానిని విస్తరింపజేసినాడు. ఆ వైద్యపు గుణదోషాలు విచారించడం నా పని కాదు. వైద్యులలోనే దానిపై వాదాలున్నవి. నాకు ఆసక్తి కలిగించినది వేరు. ఆ వృత్తి చేస్తున్న వైద్యులను వారు చదివిన కళాశాలలే అడుగుతుంటవి: మీ వద్దకు వచ్చేవారిలో ఈ చదువుకు తగిన కుర్రవాడో పిల్లో కనిపిస్తే మాకు చెప్పండి, నాలుగు రోజులు మీ పక్కన నిలబెట్టుకొని పని చూపించండి అని. మన పుత్తూరులో విరిగిన ఎముకలు కట్టే రాజుల కుటుంబంలో ఈ ఏర్పాటుకు అవసరం లేకపోయింది. అక్కడ కొడుకే విద్యార్థి, మన అగ్రహారంలో వలెనే. ఇల్లు చాలని నాడు విద్య వీధిలోనికి రావలెను, వచ్చినప్పుడు ఎవరో ఒకరు చేయి పట్టుకొని తీసికొనిపోవలెను.

అయితే ఆ వైద్యునికీ మన నాట్యాచార్యునికీ ఒక పెద్ద తేడా ఉన్నది. ఆ వైద్యుడు పిల్లవాణ్ణి కళాశాలకు పంపితే తనకు పోయేదేమీ లేదు. నాట్యాచార్యుడు మాత్రం తానే వృత్తికారుడు, తానే గురువు. తన వద్ద నాలుగేళ్ళు నేర్చిన పిల్లలో అభినయానికి అసాధారణమైన మెరుపు కనిపించినదనుకొందాము. తనకు లయ మీద పట్టు ఎక్కువ, అభినయం అంతంత మాత్రం. "అమ్మా, ఇకపై ఫలానావారి వద్ద పదాభినయం నేర్చుకో" అని పంపితే నెలనెలా వచ్చే జీతం పోతుంది. రేపు ఆమె పేరు మారుమ్రోగినప్పుడు గురువుగా వేరొకరి పేరు చెబుతారు. పంపకపోతే ఆ మెరుపు ఆరిపోతుంది. ఈ మాట పైకి అనుకొనరు గాని, ప్రతి ఊరిలోనూ నాట్యగురువులు రాత్రిళ్ళు తేల్చుకొనలేక సతమతమయ్యే లెక్క ఇదే. యామినీ కృష్ణమూర్తికీ చినసత్యం గారికీ ఒక్కొక్కరికి ముగ్గురేసి గురువులుండడం వారి అదృష్టమని మనమంటాము. ఆ ముగ్గురిలో ప్రతివారూ "నా శిష్యురాలు, నా శిష్యుడు" అని పిడికిలి బిగించి ఉంటే ఆ అదృష్టం ఏమయ్యేది?

గురువులనే అని లాభమేమి? ఉపాధ్యాయులమైన మన సంగతి చూచుకొందాము. చాలా ఏళ్ళ క్రిందట నా తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. పద్యం చదువుతుంటే బల్లమీద వ్రేళ్ళతో తాళం వేసేవాడు. ఛందస్సు పాఠంలో గణాలు గుర్తుపట్టడానికి అందరూ గురులఘువులు వ్రాసికొంటుంటే వాడు విని చెప్పేవాడు. తప్పేవాడు కాదు. ఒకనాడు తరగతి అయిన తరువాత వచ్చి, "మాస్టారూ, నాకు భాగవతం నేర్చుకోవాలని ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు?" అని అడిగినాడు. మేమున్న ఊరికి కూచిపూడి బస్సులో గంట ప్రయాణం. నేను క్షేత్రయ్య పదాలమీద గంటసేపు మాటాడగలను, మొవ్వ గోపాలుడి గుడి గురించి వ్యాసం వ్రాయగలను. కాని వాడికి చెప్పడానికి నా వద్ద ఒక్క గురువు పేరు లేదు. "ముందు పరీక్షలు కానీయరా, తరువాత చూద్దాం" అన్నాను. వాడు మరి అడుగలేదు.

ఈ ప్రాంతంలో పనిచేసే ఉపాధ్యాయులకు నేను చేయగలిగిన విన్నపం చిన్నది. మీ ఊరికి పది పదిహేను మైళ్ళలో నాట్యం చెప్పేవారెవరు, మృదంగం చెప్పేవారెవరు, పాట చెప్పేవారెవరు, ఏ రోజుల్లో చెబుతారు, పేదపిల్లలకు జీతం తగ్గిస్తారా, ఇవి ఒక కాగితం మీద వ్రాసి బల్ల సొరుగులో పెట్టుకోండి. సెలవులలో ఒకసారి పిల్లలను తీసికొని ఆ గురువుల సాధన చూపించండి. తగిన పిల్లవాడు కనిపిస్తే నోటిమాటతో పంపవద్దు. ఒక ఉత్తరం వ్రాసి చేతికివ్వండి. పిల్లవాడి పేరు, వాడిలో మీరు చూచినది, ఇంటి పరిస్థితి. మూడు వాక్యాలు చాలును. ఉత్తరం చేతిలో ఉన్న పిల్లవాణ్ణి గురువు వాకిట నిలబెట్టి పొమ్మనడు. గురువు కూడా ఆరు నెలలకు ఒక జవాబు వ్రాస్తే బాగుండును: వాడు నిలిచినాడో లేదో, ఏది వస్తున్నదో ఏది రావడం లేదో, మరొకరి వద్దకు పంపవలసిన సమయం వచ్చిందేమో.

ఆ కుర్రవాణ్ణి పోయిన సంక్రాంతికి చూచినాను. ఎరువుల దుకాణంలో పద్దులు వ్రాస్తున్నాడు, తల నెరిసింది. కుశలమడిగి, కాఫీ తెప్పించి, నేను కూర్చున్నంతసేపూ లెక్కలు కూడుతూనే ఉన్నాడు. పెన్ను కుడిచేతిలో ఉన్నది. ఎడమచేతి వ్రేళ్ళు బల్లమీద ఆడుతున్నవి.